టీచరమ్మను ఎలా తలచుకోవాలి?

చనిపోయినవారి గురించి మంచే మాట్లాడాలంటారు. మైదాన ప్రాంతంలోనూ అంటారు, మన గూడేల్లోనూ అంటారు. దినాల నాడు నలుగురూ కూర్చున్నప్పుడు ఎవరైనా పాత గొడవ ఎత్తితే పెద్దవాళ్లు "పోయిన మనిషిని పట్టుకుని ఇప్పుడెందుకురా" అని ఆపేస్తారు. అది మంచి అలవాటే. పోయిన మనిషి లేచి వచ్చి తన మాట చెప్పుకోలేదు. జవాబు చెప్పలేని మనిషి మీద మాట వేయడం మర్యాద కాదు.

అయితే పోయిన మనిషి టీచరైతే ఒక చిక్కు వస్తుంది. టీచరు చేసిన పని ఆమెతో పాటు పోదు. ఆమె దగ్గర చదివినవాళ్ల నోళ్లలో, వాళ్ల పిల్లల ఇళ్లలో అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. మంచి మాత్రమే చెప్పుకుని లేచిపోతే ఆ పనిలో ఏది కొనసాగించాలో, ఏది ఆపాలో తర్వాతి వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తలచుకోవడం అంటే పొగడడమేనా, లెక్క చూసుకోవడం కూడానా?

మా టీచరమ్మ పోయిన తర్వాత ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె కుటుంబం ఉంది, మనవలు చదువుకుంటున్నారు. పైగా ఏజెన్సీలో ఇట్లాంటి టీచరమ్మలు ఇంకా చాలామంది ఉన్నారు. చదివేవాళ్లు ఎవరికి వాళ్లు తమ టీచరమ్మను గుర్తు చేసుకుంటే చాలు.

ముందు ఆమె జీవితం చెప్పాలి. ఆమె కోయ ఆడపడుచు. 1950 ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఒక గూడెంలో పుట్టింది. తండ్రి పోడు కొట్టి జొన్న, కంది వేసేవాడు. ఆ రోజుల్లో ఆ పక్కల ఆడపిల్లను బడికి పంపడమే వింత. ఆమెను హాస్టల్లో వేశారు. అక్కడ ఆమెకు పాఠం చెప్పినవాళ్లలో ఒక్కరికీ కోయ రాదు. ఏది అడగాలన్నా తెలుగులోనే అడగాలి, తెలుగు రాదు కాబట్టి ఏదీ అడగకుండా మొదటి ఏడాది గడిపానని తర్వాతి రోజుల్లో చెప్పేది. పట్టుదలగా చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, డెబ్బైల మొదట్లో ఉద్యోగంలో చేరింది. 2008లో రిటైరయ్యే దాకా ఏజెన్సీ దాటి ఎక్కడా పని చేయలేదు. బదిలీ అడుక్కుని టౌనుకు పోయిన వాళ్లను తప్పు పట్టేది కాదు, తను మాత్రం అడగలేదు.

ఆ రోజుల్లో మా పక్కల బడి అంటే తాటాకు పాక. టీచరు పోస్టు ఉండేది, టీచరు ఉండేవాడు కాదు. జూన్‌లో ఒకసారి, ఆగస్టు పదిహేనుకు ఒకసారి, జనవరి ఇరవై ఆరుకు ఒకసారి వచ్చి రిజిస్టరంతా నింపుకుని పోయిన పంతుళ్లను మా నాన్న తరం చూసింది. టీచరమ్మ మాత్రం గూడెంలోనే కాపురం పెట్టింది. వాగు పొంగితే అవతలి గూడెం పిల్లలను తన ఇంట్లోనే పడుకోబెట్టుకునేది. జ్వరం వచ్చిన పిల్లకు మలేరియా మాత్ర మింగించి, వాళ్ల అమ్మ చేలోనుంచి వచ్చే దాకా పక్కన కూర్చునేది. బడి ఎగ్గొట్టిన వాళ్లను వారం సంతలో పట్టుకునేది. కుల సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి విసిగిన తండ్రులతో పాటు తనే మండలాఫీసు మెట్ల మీద కూర్చునేది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అంతకు మించిన వరద ఇప్పటి వరకు అక్కడ నమోదు కాలేదు. నేను ఒకటో తరగతిలో చేరింది ఆ ఏడాదే. నీళ్లు గూడెంలోకి వస్తుంటే ఆమె పిల్లలందరినీ గుట్ట ఎక్కించింది. ఎక్కించాక రిజిస్టరు తీసి పేర్లు పిలిచింది. ఎప్పుడూ హాజరు పలకని పిల్లలు కూడా ఆ రోజు పలికారు. వాన నిలిచాక గుట్ట మీదే రెండు రోజులు ఎక్కాలు చెప్పింది. పిల్లలు భయపడకుండా ఉండడానికి అట్లా చేశానని చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. మా గూడెంలో ఈ రోజు సంతకం పెట్టగలిగే నడివయసు ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎక్కువమందికి చెయ్యి పట్టి దిద్దించింది ఆమే.

ఇదంతా నిజం. ఆమె సంస్మరణ సభలో వక్తలంతా చెప్పింది ఇదే. చెప్పాల్సిందే.

సభలో ఎవరూ ఎత్తని సంగతి ఇంకొకటి ఉంది. ఆమె బడిలో కోయ మాట్లాడకూడదు. గడప దాటి లోపలికి వచ్చిన పిల్ల తెలుగే మాట్లాడాలి. నోరు జారి కోయ మాట వస్తే బయట ఎండలో నిలబడాలి. ఆమె ఎవరినీ కొట్టేది కాదు. నిలబెట్టేది.

తెలుగువాళ్లకు "ఏరు" అంటే పారే వాగు. కోయలో "ఏరు" అంటే నీళ్లు. తెలుగువాళ్లకు "లోన" అంటే లోపల. కోయలో "లోను" అంటే ఇల్లు. కోయ రాని పంతులు దగ్గర పిల్లవాడు దాహమై "ఏరు" అంటే, ఆయన వాగు గురించి ఏదో చెప్తున్నాడనుకుంటాడు. అది తెలియనితనం. ఆయన్ని తప్పు పట్టలేం. మా టీచరమ్మకు మాత్రం తెలుసు. నాతో పాటు చేరిన ఒక పిల్లవాడు మొదటి వారంలో "ఏరు" అని అడిగాడు. ఆమె కడవ దగ్గరే ఉంది. "నీళ్లు అను, అన్నాక ఇస్తా" అంది. ఆ మాట వాడికి నోరు తిరగలేదు. అడగడం మానేసి కూర్చున్నాడు. లాంగ్ బెల్ కొట్టాక బోరింగు దగ్గరికి పరుగెత్తాడు. ఆ తర్వాత వాడు బడిలో ఏదీ అడగగా నేను చూడలేదు. నాలుగో తరగతిలో మానేశాడు. ఆ ఒక్క మాటకే మానేశాడని నేను చెప్పను. ఇంట్లో పశువులు ఉన్నాయి, తండ్రికి జబ్బు. కారణాలు చాలా ఉంటాయి. అడగడం మానేసిన పిల్లవాడు ముందే సగం బడి మానేసినట్టు లెక్క అని మాత్రం ఇన్నేళ్ల టీచరు పనిలో నాకు తెలిసింది.

ఆమె ఎందుకు అట్లా చేసింది? మన మాట మీద చిన్నచూపుతో మాత్రం కాదు. ఆమె చిన్నప్పుడు తండ్రి వెంట సంతకు పోయింది. చింతపండు, కరక్కాయలు, ఇప్పపువ్వు కావడిలో మోసుకుపోతే, సావుకారు తెలుగులో ఒక లెక్క చెప్పి ఉప్పు, బట్ట ఇచ్చేవాడు. తండ్రికి ఆ లెక్క అర్థమయ్యేది కాదు. తల ఊపి వచ్చేవాడు. ఫారెస్టు గార్డు కేసు రాసినప్పుడు ఏం రాశాడో తెలియక వేలిముద్ర వేశాడు. ఆస్పత్రిలో నొప్పి ఎక్కడో చెప్పలేక తల్లి వెనక్కి వచ్చింది. వీటన్నిటి నుంచి ఆమె తీసుకున్న పాఠం ఒకటే. తెలుగు రాని కోయవాడిని ఎవడైనా మోసం చేస్తాడు. "కోయ ఇంట్లో ఉంటది, ఎక్కడికీ పోదు. తెలుగు బళ్లోనే దొరుకుద్ది. ఉన్న కాస్త టైమూ తెలుగుకే" అనేది.

ఈ మాటలో సగం నిజం ఉంది. ఆమె దగ్గర తెలుగు నేర్చుకున్న వాళ్లే తర్వాత పట్టా కాగితం చదివారు, కాంటా దగ్గర తగవు పెట్టుకున్నారు, నా లాంటి వాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చారు. ఈ వ్యాసం తెలుగులో రాయగలుగుతున్నానంటే అందులో ఆమె వాటా ఉంది.

తప్పిపోయింది మిగతా సగం. కోయ ఇంట్లో ఉంటది, ఎక్కడికీ పోదు అన్న లెక్క తప్పింది. పిల్లలే ఇంట్లో ఉండలేదు. ఆరేడేళ్లకే ఆశ్రమ పాఠశాలకు పోయారు, దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి చుట్టాల్లా ఇంటికి వచ్చారు. వాళ్లు పెద్దయి పిల్లలను కన్నాక ఇంట్లోనూ తెలుగే మాట్లాడారు. బడిలో కోయ తప్పు అని నేర్చుకున్న మనిషి ఇంట్లో తన బిడ్డకు ఆ తప్పు ఎందుకు నేర్పుతాడు? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద కోయ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 4 లక్షలు. అంకె చూస్తే పరవాలేదనిపిస్తుంది. రోడ్డు పక్క గూడేలకు పోయి అయిదేళ్ల పిల్లను కోయలో పేరడిగి చూడండి, ఆ అంకె బలమెంతో తెలుస్తుంది.

టీచరమ్మకు ఈ సంగతి తన ఇంట్లోనే తెలిసింది. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి భద్రాచలం పోయింది. కొడుకు, కోడలు ఇద్దరూ కోయలే, ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఇంట్లో తెలుగు, టీవీలో తెలుగు. పెద్ద మనవడు, చిన్న మనవరాలు నానమ్మను "మీరు ఏ భాష మాట్లాడుతున్నారు" అని అడిగారట. అడిగింది తెలుగులో, మీరు అని. ఆమె ఆ రోజు అన్నం తినలేదని కోడలు నాతో చెప్పింది.

ఆ తర్వాత ఆమె మొదలుపెట్టిన పని ముప్పై అయిదేళ్ల ఉద్యోగం కంటే తక్కువదేమీ కాదు. మనవలతో కోయ తప్ప మాట్లాడడం మానేసింది. వాళ్లు "నీళ్లు" అంటే వినపడనట్టు నవ్వేది. "ఏరు" అనే దాకా ఆట పట్టించి, అన్నా అనకపోయినా గ్లాసు చేతికిచ్చేది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామునే లేపి ఇప్పచెట్ల కిందికి తీసుకుపోయేది. తునికాకు కోసే రోజుల్లో కట్ట కట్టడం నేర్పేది. విత్తనాల పండుగకు, కొత్తల పండుగకు చెల్లెలి గూడేనికి తోలుకుపోయేది. 2014లో మండలాలు విడిపోయాక చెల్లెలి ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లోకి, కొడుకు ఇల్లు తెలంగాణలోకి వచ్చాయి. "పండక్కి పోవాలంటే ఇప్పుడు రాష్ట్రం దాటాలి" అని నవ్వేది. మన గట్టు ఏది, మన వేల్పు ఎవరు, ఏ ఇంటిపేర్లవాళ్లు మనకు అన్నదమ్ములు, ఎవరితో పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చు, అన్నీ మనవలకు కంఠతా వచ్చే దాకా చెప్పింది. పాత నోటు పుస్తకాల్లో తెలుగు అక్షరాలతో కోయ మాటలు రాసిపెట్టింది. చెట్ల పేర్లకే ఒక పుస్తకం నిండింది.

సభలో ఇంటర్ చదివే ఆ మనవడు లేచి నానమ్మ గురించి కోయలో మాట్లాడాడు. తడబడకుండా, చక్కగా మాట్లాడాడు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నడివయసు వాళ్లకు సగం అర్థమైంది. కుర్రవాళ్లు పక్కవాళ్లను అడిగి తెలుసుకున్నారు.

భోజనాల దగ్గర, ఆనాడు నీళ్లు అనలేకపోయిన నా తోటివాడు చింతచెట్టు కింద నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు మిరప తోటలకు కూలికి పోతున్నాడు. కోపంగా ఏమీ అనలేదు. అన్నం కలుపుకుంటూ మెల్లగా అన్నాడు. "మనవలకు బాగానే పెట్టింది సారూ. మాకు పెట్టాల్సింది కూడా అదే కదా."

నేను రాయాలనుకున్న ప్రశ్న ఇదే. టీచరమ్మ మనవలకు చేసిన మేలు, మాకు చేసిన నష్టాన్ని తీర్చేస్తుందా?

మన కుల పంచాయితీ పద్ధతిని బట్టి ఆలోచించాను. ఒకడి ఎద్దు ఇంకొకడి చేను తింటే పటేలు, పెద్దలు కూర్చుంటారు. తప్పు కట్టాలంటే నష్టపోయిన ఇంటికి కట్టాలి. ఎద్దుగలవాడు వచ్చే ఏడాది తన చేనుకు గట్టి కంచె వేసుకున్నాడని చెప్తే పంచాయితీ మెచ్చుకుంటుంది గానీ తప్పు మాఫీ చేయదు. కంచె మంచిదే, బాకీ వేరే. ఈ లెక్కన నా తోటివాడి మాట న్యాయమే. మనవలకు ఇచ్చింది మనవలకు చేరింది. ఎండలో నిలబడ్డ పిల్లలకు రావలసింది ఇంకా రాలేదు. నానమ్మ ప్రేమ ఎంత గొప్పదైనా అది తన ఇంటి గడప లోపల పని. టీచరు బాకీ ఊరందరి పిల్లలకూ ఉంటుంది.

అదే పంచాయితీ ఇంకో సంగతి కూడా అడుగుతుంది. ఎద్దును విప్పింది ఎవరు? కంచె తీసింది ఎవరు? ఒక్కడి మీదే తప్పు మోపి లేవదు. ఇక్కడ కూడా అడగాలి. కోయ వద్దన్న నియమం టీచరమ్మ కనిపెట్టింది కాదు. పుస్తకాలు ఒక్క భాషలో వచ్చాయి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన దొరలు పిల్లలు తెలుగు పద్యం చెప్తే బాగుంది అని రాసిపోయారు, కోయ పాట పాడితే ఏమీ రాయలేదు. పరీక్ష తెలుగులో. ఆమె మోసింది వేరేవాళ్లు ఎత్తిన మూట.

"ఆ కాలం అట్లాంటిది, ఎవరికీ తెలియదు" అని కొందరంటారు. అది ఒప్పుకోవడానికి లేదు. 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అందులో ఉంది. అంటే టీచరమ్మ ఇంకా పలక పట్టే వయసులోనే ఢిల్లీకి ఈ సంగతి తెలుసు. అంతకు ముందే, 1943లో నిజాం పాలనలో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం నడిచింది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు పంతుళ్లు గోండు పిల్లలకు గోండీలో మొదలుపెట్టి చదువు చెప్పారు. తర్వాత ఆ పని నిలవలేదు. కానీ జరిగింది కాబట్టి జరగదని ఎవరూ అనలేరు.

ట్రైనింగులో అందరికీ నేర్పే బోధన సూత్రం ఒకటుంది. తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి. నేను డీఎడ్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నాను, టీచరమ్మ కూడా తన కాలంలో అదే చదివి ఉంటుంది. కోయ పిల్లకు తెలిసింది కోయ. తెలియనిది తెలుగు. సూత్రం ప్రకారం మొదటి మెట్టు కోయే కావాలి. పరీక్షలో ఆ సూత్రం రాయించుకున్న వ్యవస్థే తరగతి గదిలో దాన్ని అమలు చేయనివ్వలేదు. అందుకే ఈ బాకీలో ఎక్కువ వాటా ప్రభుత్వానిది. తక్కువ వాటా ఆమెది. తక్కువైనా వాటా వాటానే, ఎందుకంటే కడవ దగ్గర ఉన్నది ఆమె, ఆ మాట అర్థమైన పెద్దమనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే.

ఆమెకు ఇది తెలుసా అని అడగవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇంటికి పోయి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లలు మూగబోవడం చూశాన్రా. చూసి, తొందరగా తెలుగు వస్తే అదే పోతదిలే అనుకున్నా" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆఖరి రోజుల్లో సంతలోనో బస్టాండులోనో పాత విద్యార్థులు కనిపిస్తే ఆమె కోయలో పలకరించేది. వాళ్లు చేతులు కట్టుకుని తెలుగులో జవాబు చెప్పేవారు. ఆమె నేర్పిన మర్యాద అది. ఆమె మళ్లీ కోయలో అడిగేది, వాళ్లు మళ్లీ తెలుగులోనే చెప్పేవారు. నేను కళ్లారా చూశాను.

మరి ఆమెను ఎట్లా తలచుకోవాలి? ఫొటోకు దండ వేసి మంచే చెప్పుకోవడం ఒక పద్ధతి. అందులో నా తోటివాడికి చోటు లేదు. ఆదివాసీ భాషలను చంపినవాళ్ల జాబితాలో ఆమె పేరు చేర్చడం ఇంకో పద్ధతి. ఈ మధ్య మన యువకుల ఉపన్యాసాల్లో ఇట్లాంటి మాటలు వింటున్నాను. అందులో గుట్ట మీద పేర్లు పిలిచిన మనిషికి చోటు లేదు. వాగు దాటి రాని పంతులు ఎవరి భాషకూ అడ్డు రాలేదు, ఎవరికీ అక్షరం ముక్కా చెప్పలేదు. పని చేసిన మనిషి పనిలోనే తప్పులు దొరుకుతాయి.

మన పెద్దల దగ్గర మూడో పద్ధతి ఉంది. డోలీలు పడిగెలు పరిచి వంశ కథ చెప్పేటప్పుడు గెలుపులే ఏరి చెప్పరు. మణుగూరు పక్క కూనవరం నుంచి వచ్చిన సకినె రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన కన్నుమూశారు. కోయ వీరుల కథలు ఆయన నోటి మీదే ఉండేవి. సమ్మక్క, సారలమ్మల కథే చూడండి. అది ఓడిపోయిన యుద్ధం కథ. కాకతీయుల సైన్యం ముందు నిలవలేక జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడని చెప్తారు. ఆ వాగుకు జంపన్న వాగు అని పేరు నిలిచింది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వచ్చే లక్షలమంది ముందుగా మునిగేది ఆ వాగులోనే. ఓటమిని దాచిపెట్టి ఉంటే మనకు ఆ వాగు పేరూ ఉండేది కాదు, కథా ఉండేది కాదు. గౌరవానికి, నిజం చెప్పడానికి మధ్య మన పెద్దలు గోడ కట్టలేదు.

టీచరమ్మ కథ కూడా అట్లాగే చెప్పాలి. వరదలో గుట్ట మీద ఎక్కాలు, కడవ దగ్గర దాహం, చెట్ల పేర్ల నోటు పుస్తకం, మూడూ ఒకే నోటితో వరసగా చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకొకటి మింగితే ఆమెనే తక్కువ చేసినట్టు. రిటైరయ్యాక ఆమె ఎందుకంత ఆరాటపడిందో కడవ సంగతి చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు. మనవలను ముద్దు చేసిన ముసలమ్మగానే మిగిలిపోతుంది. తన జీవితంలో జరిగినదాన్ని చూసి, చేతనైనంత మేర దారి మార్చుకున్న మనిషిగా గుర్తుండాలంటే రెండూ చెప్పాల్సిందే.

ఇట్లా చెప్పుకుంటే మన ముందుకు ఒక పని వస్తుంది. ఆమె తీర్చలేకపోయిన బాకీ మనకు వస్తుంది. పోయినవాళ్ల పొలం తీసుకున్నప్పుడు వాళ్ల అప్పు కూడా తీసుకుంటాం కదా. ఆమె ఇచ్చిన చదువు మనం తీసుకున్నాం.

2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ జీవో కోసం మనం కొట్లాడాం, ఇంకా కొట్లాడాలి. మన భాష తెలిసిన టీచరు కావాలన్నది మన వాదనలో ముఖ్యమైన మాట. అయితే టీచరమ్మ కథ మనల్ని ఒక మాట నిలదీసి అడుగుతుంది. భాష తెలిసిన టీచరు ఉంటే చాలా, ఆ భాషను గదిలోకి రానివ్వాలా? ఉద్యోగం అడిగేటప్పుడు కోయ వచ్చని చెప్పి, ఉద్యోగం వచ్చాక తరగతిలో కోయ మాట వినపడకుండా చూస్తే ఆ వాదనకు బలం ఎక్కడిది?

తల్లిదండ్రులు ఇప్పుడు తెలుగు కూడా వద్దు, ఇంగ్లీషు మీడియం కావాలంటున్నారు. "కోయ నేర్చుకుంటే జీతం వస్తదా సారూ" అని మా బడిలో ఒక తల్లి అడిగింది. ఆమెను చూసి నవ్వకూడదు. టీచరమ్మ తండ్రిని సంతలో మోసం చేసిన లోకమే ఈ తల్లినీ భయపెడుతోంది. ఆమెకు చెప్పాల్సింది ఒకటే. తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి, రెండూ నేర్పుతాం. అవి రావడానికి కోయ పోవాల్సిన పని లేదు. టీచరమ్మకు రెండు భాషలూ నిండుగా వచ్చు, ఒకటి వచ్చిందని రెండోది పోలేదు. అడిగి తెలుసుకునే ధైర్యం ఉన్న పిల్లకు మూడో భాష కూడా వస్తుంది. ఆ ధైర్యం మొదట ఇంటి మాటలోనే వస్తుంది.

చట్టం కూడా అడ్డు రాదు. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది, పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. మాట్లాడిన భాషకు ఎండలో నిలబెట్టడం ఇప్పుడు చట్ట ప్రకారమే తప్పు. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండీ, కొలామీ, సవర లాంటి భాషల్లో ఒకటో తరగతి వాచకాలు వచ్చాయి. కొన్ని బడుల్లో అవి ఇప్పుడు బీరువా అడుగున ఉన్నాయి. తీసి దుమ్ము దులిపితే వాడుకోవచ్చు. లేనిచోట తెలుగు అక్షరాలతో మనమే రాసుకోవచ్చు. టీచరమ్మ నోటు పుస్తకంలో చేసింది అదే కదా.

ఆమె పేరు మీద పదో తరగతిలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు బహుమతి పెట్టాలని సభలో తీర్మానం చేశారు. మంచిదే, పెట్టండి. దాంతో పాటు ఒక చిన్న పని కూడా చేయమని నా తోటి టీచర్లను అడుగుతున్నాను. ప్రతి గూడెంలో కథలు, చెట్ల పేర్లు, పాటలు తెలిసిన ముసలమ్మ ఒకరైనా ఉంటుంది. తన మనవలకే చెప్పుకుంటోంది, వాళ్లూ హాస్టల్‌కు పోతే ఎవరికీ చెప్పడం లేదు. శనివారం ఒక గంట ఒకటో తరగతి గదిలో ఆమెకు కుర్చీ వేయండి. ఆ గంటలో ఏ పిల్లయినా "ఏరు" అంటే ముందు నీళ్లివ్వండి. తెలుగులో, ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో పిల్ల తాగాక చెప్పవచ్చు.